ఎమ్మెల్యే గారు ఏడ్చారట!

2024 ఏప్రిల్ మొదటి వారం. ఉండి చుట్టుపక్కల దాళ్వా కోతలు దగ్గర పడ్డాయి, ఎన్నికలూ దగ్గర పడ్డాయి. ఉండి తెలుగుదేశం టికెట్ అప్పటికి సిట్టింగ్ ఎమ్మెల్యే మంతెన రామరాజుదే. పార్టీ పేరు ప్రకటించేసింది, ఆయన ఊళ్లు తిరగడం మొదలుపెట్టేశారు. అంతలో నరసాపురం ఎంపీ రఘురామకృష్ణరాజు పాలకొల్లులో చంద్రబాబు సమక్షంలో టీడీపీ కండువా కప్పుకున్నారు. నరసాపురం లోక్‌సభ సీటు పొత్తులో బీజేపీకి వెళ్లి, అక్కడ భూపతిరాజు శ్రీనివాసవర్మ పేరు ఖాయమైపోయింది. ఇక రఘురామకు దొరికేది ఉండి ఒక్కటేనని అందరికీ అర్థమైంది. రామరాజు మనుషులు రోడ్డెక్కారు. ఆయన కార్యకర్తల మధ్య మాట్లాడుతూ మాట్లాడుతూ కంటతడి పెట్టుకున్నారని వార్త. పొద్దుగూకేలోపు అది ఆకివీడు నుంచి పాలకోడేరు దాకా తిరిగేసింది.

'ఎమ్మెల్యే గారు ఏడ్చారట' అన్న మాట మన వైపు మూడు రకాలుగా పలికింది. మొదటిది 'పాపం'. 2019లో రాష్ట్రమంతా వైసీపీ ఫ్యాను గాలి వీస్తే, 175 స్థానాల్లో టీడీపీకి దక్కినవి 23. ఉమ్మడి పశ్చిమ గోదావరిలోని 15 సీట్లలో రెండే రెండు నిలబడ్డాయి, పాలకొల్లు, ఉండి. అంత ఎదురుగాలిలో గెలిచిన మనిషిని పక్కన పెడితే పాపం అనిపించడం సహజం. రెండోది 'సీటు పోతే ఏడుపొచ్చింది గాని, మన చెరువులు పోయినప్పుడు రాలేదేం?' అన్న ఎత్తిపొడుపు. మూడోది లెక్క. ఈయన ఏడిస్తే ఎన్ని ఓట్లు చీలతాయి, ఎవరికి లాభం, రెబెల్‌గా దిగుతాడా, సర్దుకుంటాడా?

మూడోదే నెగ్గింది. బుజ్జగింపుల తర్వాత రామరాజు సర్దుకున్నారు, పార్టీలోనే ఉండి పనిచేశారు. 2009, 2014లో ఉండి నుంచి గెలిచిన వేటుకూరి వెంకట శివరామరాజు, మనవాళ్ల నోట కలవపూడి శివ, తిరుగుబాటు అభ్యర్థిగా దిగారు. ఫలితం వచ్చేసరికి రఘురామకృష్ణరాజుకు 56 వేల పైచిలుకు ఆధిక్యం. ఆ సెప్టెంబరులో రామరాజు ఏపీఐఐసీ ఛైర్మన్ అయ్యారు. ఇద్దరు స్థానిక నాయకుల మీద అంత జాలిపడిన నియోజకవర్గమే వాళ్ల స్థానంలో వచ్చిన మనిషిని అంత ఆధిక్యంతో గెలిపించింది. అలాగని ఆ జాలి దొంగ జాలి కాదు. మనసులో ఒకరి మీద జాలిపడుతూనే వేలితో ఇంకొకరికి మీట నొక్కడం ఇక్కడి ఓటరుకు కష్టమేమీ కాదు.

నాయకుడు ఏడవగానే టీవీలూ, పార్టీలూ ఒకే ప్రశ్న మీద పడతాయి. నిజమా, నాటకమా? నలభై ఏళ్ల తెలుగు రాజకీయాలు తిరగేస్తే ఆ ప్రశ్నకు ఒక్కసారీ జవాబు దొరకలేదు. మనిషి గుండెలోకి తొంగిచూసే యంత్రం ఏ స్టూడియోలోనూ లేదు. అయినా అదే ప్రశ్న పట్టుకుని వేలాడటానికి కారణం, దానికి జవాబు ముందే మన దగ్గర ఉండటం. మనవాడైతే నిజం, అవతలివాడైతే నాటకం. నాకు తోచేదల్లా, చూడాల్సినవి వేరే రెండు ఉన్నాయి. ఏడిపించింది ఏమిటి? ఏడ్చిన మనిషి ఆ తర్వాత ఏం చేశాడు?

ఈ రెండూ పెట్టుకుని వెనక్కి వెళ్తే మొదట తగిలేది అంజయ్య. 1982 ఫిబ్రవరిలో బేగంపేట విమానాశ్రయం. అప్పటికి అమేథీ ఎంపీ మాత్రమే అయిన రాజీవ్ గాంధీకి స్వాగతం చెప్పడానికి ముఖ్యమంత్రి టి. అంజయ్య జనంతో, దండలతో హడావుడిగా వచ్చారు. ఆ ఆర్భాటం చూసి రాజీవ్ అందరి ముందూ చిరాకుపడ్డారు. ముఖ్యమంత్రి కళ్లలో నీళ్లు తిరిగాయని ఆ రోజు నుంచి చెప్పుకుంటూనే ఉన్నారు. ఆ నెలలోనే అంజయ్య పదవి పోయింది. మార్చి 29న ఎన్టీ రామారావు తెలుగుదేశం పెట్టారు, ఆత్మగౌరవం అన్నారు. తొమ్మిది నెలల్లో అధికారం. ఉండిలో కూడా 1983లోనే తెలుగుదేశం గెలిచింది. ఆ తర్వాత 2004లో ఒక్కసారి కాంగ్రెస్‌కు వెళ్లడం తప్పితే ఈ సీటు ఆ పార్టీని వదల్లేదు.

కన్నీరు అంజయ్యది, ఓట్లు ఎన్టీఆర్‌వి. ఈ కథలో నాకు ఎక్కువ ఆసక్తి కలిగించేది ఆ తర్వాతి సంగతి. 1984లో అంజయ్య సికింద్రాబాద్ నుంచి కాంగ్రెస్ తరఫునే లోక్‌సభకు వెళ్లారు, అదే రాజీవ్ గాంధీ ప్రభుత్వంలో కార్మిక శాఖ సహాయమంత్రి అయ్యారు. అవమానపడ్డ మనిషి మరిచిపోయాడో, మింగేశాడో గాని, జనం మాత్రం మరవలేదు. అంటే ఒక నాయకుడి కన్నీరు బయటికొచ్చాక అది ఆయన సొంత ఆస్తిగా ఉండదు. అందులో తమ అవమానం కనబడితే జనం దాన్ని తీసేసుకుంటారు, ఎవరికి ఇవ్వాలనుకుంటే వారికి ఇస్తారు. కనబడకపోతే చూసి, అయ్యో అని, పనిలోకి పోతారు.

కనబడకపోవడానికి ఉదాహరణ మళ్లీ ఎన్టీఆరే. 1984 ఆగస్టులో గవర్నర్ రాంలాల్ ఆయన్ను దించేసినప్పుడు, అమెరికాలో గుండె ఆపరేషన్ చేయించుకుని అప్పుడే వచ్చిన మనిషి. చక్రాల కుర్చీలో రాష్ట్రపతి భవన్‌కు వెళ్లారు, వెంట ఎమ్మెల్యేల దండు. రాష్ట్రం భగ్గుమంది. నెల తిరిగేసరికి, సెప్టెంబరు 16న మళ్లీ ముఖ్యమంత్రి. అదే మనిషి 1995 ఆగస్టులో అల్లుడు చంద్రబాబు చేతిలో పదవి పోగొట్టుకున్నారు. వైస్రాయ్ హోటల్ ముందు ఆయన మీద చెప్పులు పడ్డాయి. గొంతు పూడుకుపోతుంటే తన గోడు చెప్పుకున్నారు, 'జామాత దశమగ్రహం' అని క్యాసెట్ చేసి మరీ వినిపించారు. ఊళ్లలో అది విని కళ్లొత్తుకున్నవాళ్లు బోలెడుమంది. 1996 జనవరి 18న ఆయన పోయారు. ఆ వేసవిలో లోక్‌సభ ఎన్నికలు జరిగితే చంద్రబాబు వర్గానికి 16 సీట్లు వచ్చాయి, ఎన్టీఆర్ భార్య లక్ష్మీపార్వతి వర్గానికి ఒక్కటీ రాలేదు. పాతపట్నం ఉపఎన్నికలో ఆమె గెలవడం ఒక్కటే ఓదార్పు. మొదటిసారి జనం దాన్ని ఢిల్లీ తమను కొట్టిన దెబ్బగా చూశారు. రెండోసారి అది ఒక ఇంటి గొడవగా కనిపించింది. మనిషి అదే, దుఃఖం రెండోసారే ఎక్కువ.

ఇక 2021 నవంబరు 19. ఈ సమీక్ష ఎక్కువసేపు నిలబడాల్సింది ఇక్కడే.

ఆ రోజు శాసనసభలో మాటామాటా పెరిగింది. తన భార్య భువనేశ్వరిని ఉద్దేశించి అధికార పక్షం వాళ్లు నీచంగా మాట్లాడారని చంద్రబాబు నాయుడు లేచారు. మళ్లీ ముఖ్యమంత్రిగానే ఈ సభలో అడుగుపెడతానని చెప్పి బయటికి వచ్చేశారు. దాన్ని కౌరవ సభ అన్నారు. మంగళగిరి పార్టీ ఆఫీసులో విలేకరుల ముందు కూర్చుని, మాట తెమలక, రెండు చేతుల్లో మొహం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చారు. వయసు 71. అప్పటికి మూడు దఫాల్లో దాదాపు పద్నాలుగేళ్లు ముఖ్యమంత్రిగా చేసిన మనిషి. 2003 అక్టోబరు 1న అలిపిరిలో క్లేమోర్ మైన్లు పేలి చావు అంచు దాకా వెళ్లొచ్చినప్పుడు కూడా ఆయన ఇలా ఏడ్చినట్టు జనానికి గుర్తు లేదు. కంప్యూటర్, ఫైలు, సమీక్షా సమావేశం, ఇవే ఆయన బొమ్మ. అభిమానులు సైతం ఆయన్ను మెచ్చుకునేది తెలివికి, ఓపికకే తప్ప మనసు విప్పి మాట్లాడతాడని ఎవరూ అనరు. అందుకే ఆ కొద్ది నిమిషాలు అంత కుదుపు కుదిపాయి.

ప్రతిస్పందన గంటలోపే రెండుగా చీలింది. సభలో అలాంటి మాటే రాలేదని, ఇదంతా డ్రామా అని ముఖ్యమంత్రి జగన్ అన్నారు. వైసీపీ నాయకులందరిదీ అదే పాట. రెండు రోజుల ముందే, అంటే 17న, కుప్పం మున్సిపాలిటీ ఫలితం వచ్చింది. చంద్రబాబు సొంత నియోజకవర్గంలో టీడీపీ ఓడిపోయింది. ఏడుపు అందుకే అన్నారు. మర్నాడు భువనేశ్వరి పుట్టింటివారైన నందమూరి కుటుంబం బాలకృష్ణతో సహా మీడియా ముందుకొచ్చింది, జూనియర్ ఎన్టీఆర్ వీడియో విడుదల చేశారు, పవన్ కల్యాణ్ ఖండించారు. డిసెంబరు మొదట్లో గన్నవరం ఎమ్మెల్యే వల్లభనేని వంశీ, భువనేశ్వరి గురించి సభ బయట అన్న తన మాటలకు ఒక టీవీ చర్చలో క్షమాపణ చెప్పారు. సభలో ఏ మాట పడిందన్న వివాదం ఎలా ఉన్నా, బయట పడ్డ మాటలు తప్పేనని అంతటితో తేలిపోయింది.

కుప్పం వాదాన్ని కొట్టిపారేయను. ఓటమి బరువు మీద ఉన్న మనిషికి ఒక మాట మామూలుకన్నా లోతుగా దిగుతుంది, అందులో దాచేదేముంది? అయితే ఆ వాదం చేసినవాళ్లు ఒక విషయం దాటేశారు. మనసు ముందే బరువెక్కి ఉందని చెప్పడం వేరు, మాట పడలేదని చెప్పడం వేరు. అలాగే టీడీపీ వైపువాళ్లు దాటేసిన విషయమూ ఒకటుంది. ఆ పార్టీ పేరు చెప్పుకుని సోషల్ మీడియాలో జగన్ తల్లి విజయమ్మనూ, చెల్లెలు షర్మిలనూ, భార్య భారతినీ తిట్టినవాళ్లు లేరా? ఎవరి ఇంటి ఆడవాళ్లని అన్నారన్న దాన్ని బట్టి మన కోపం మారుతుంటే, అది ఆడవాళ్ల గౌరవం కోసం వచ్చిన కోపం కాదు. 2025 ఏప్రిల్‌లో జగన్ భార్య మీద ఒక టీడీపీ కార్యకర్త అసభ్యంగా మాట్లాడితే పార్టీ అతన్ని సస్పెండ్ చేసింది, పోలీసులు అరెస్టు చేశారు. ఆలస్యంగానైనా మంచి పనే. అంత వేగం అన్ని వైపులా ఉంటే బాగుండేది.

ఆ కన్నీళ్లే 2024లో గెలిపించాయా? 2024 జూన్ 21న చంద్రబాబు ముఖ్యమంత్రిగా సభలోకి నడిచినప్పుడు అభిమానులు రెండు వీడియోలనీ పక్కపక్కన పెట్టి పంచుకున్నారు. చూడ్డానికి సినిమాలా ఉంది. కాని మధ్యలో రెండున్నరేళ్లు ఉన్నాయి. 2023 సెప్టెంబరు 9న నంద్యాలలో అరెస్టు, రాజమండ్రి జైలు, పవన్ జైలు బయటే పొత్తు ప్రకటించడం, బీజేపీ కలవడం, రాజధాని, భూహక్కుల చట్టం మీద భయం, రోడ్లు. కొల్లేటి వైపు, డెల్టా వైపు అయితే పంట కాలువలు, డ్రెయిన్లు, రొయ్యల ధరలు. కన్నీరు ఈ పట్టికలో ఎన్నో వరసలో ఉంటుందో ఎవరి ఇష్టం వారిది. నా లెక్కలో అది ఓట్లు తేలేదు. అప్పటికి చెల్లాచెదురుగా ఉన్న కార్యకర్తలను లేపి కూర్చోబెట్టింది, అంతే. 2019 తర్వాత కండువా పెట్టెలో దాచినవాళ్లు ఆ సాయంత్రం బయటికి తీశారు. పార్టీకి అదీ తక్కువ సాయం కాదు.

కౌరవ సభ అన్న మాట గురించి చిన్న సంగతి. భారతం తెలిసిన ఊళ్లలో ఆ మాట వేరే వ్యాఖ్యానం అక్కర్లేకుండా దిగుతుంది. అవమానం, శపథం, అజ్ఞాతం, తిరిగి రావడం, ఈ వరస మన జనానికి పురాణకాలక్షేపం నాటి నుంచి అలవాటు. తమిళనాడులో 1989 మార్చి 25న శాసనసభలో చీర పట్టి లాగారని జయలలిత చెప్పి చేసిన శపథం, 1991లో ముఖ్యమంత్రిగా ఆమె రావడం కూడా ఇదే వరసలో జనం గుర్తుపెట్టుకున్నారు. చిక్కేమిటంటే, ఈ కథలో ఎవరైనా తన పాత్ర ద్రౌపదిది అనే అనుకుంటాడు. సభలో తల వంచుకుని కూర్చున్న పెద్దల పాత్ర ఎవరూ తీసుకోరు. నిజానికి మన శాసనసభ్యుల్లో ఎక్కువమందిది ఆ పాత్రే.

ఇంతవరకూ ఏడ్చిన నాయకుల సంగతి. ఎదుటివాళ్ల కళ్లు తుడిచిన రాజకీయం ఇంకోటి ఉంది, మన జిల్లాకు అది బాగా తెలుసు. 2009 సెప్టెంబరు 2న వైఎస్ రాజశేఖర రెడ్డి హెలికాప్టర్ ప్రమాదంలో పోయాక, ఆ దుఃఖంతో చనిపోయిన వారి కుటుంబాలను పలకరించడానికి జగన్ ఓదార్పు యాత్ర పెట్టారు. 2010లో తొలి విడతల్లోనే అది పశ్చిమ గోదావరికి వచ్చింది. తలమీద చెయ్యి, భుజం మీద చెయ్యి, ముద్దు. ఇది ఏడవడం కన్నా బలమైన పద్ధతి. ఏడ్చే నాయకుడు జాలి అడుగుతున్నట్టు కనిపిస్తాడు, కళ్లు తుడిచే నాయకుడు ఇస్తున్నట్టు కనిపిస్తాడు. 2011లో కడప లోక్‌సభ ఉపఎన్నికలో ఐదు లక్షలు దాటిన ఆధిక్యం, 2012 జూన్‌లో 18 అసెంబ్లీ ఉపఎన్నికల్లో 15 గెలుపులు. మిగిలిన మూడింట్లో ఒకటి మన నరసాపురం. పక్కనే పోలవరం జగన్ పార్టీకి పోతే, నరసాపురం మాత్రం కాంగ్రెస్ అభ్యర్థి కొత్తపల్లి సుబ్బారాయుడిని గెలిపించింది. రాష్ట్రం కళ్లొత్తుకుంటుంటే ఇక్కడివాళ్లు అభ్యర్థిని చూశారు. డెల్టాలో జాలి లేదని కాదు, జాలికి హద్దు ఉంది.

ఏడ్చింది ఆడమనిషైతే ఈ లెక్కలన్నీ తారుమారు. ఏడ్చే మగాణ్ణి, నవ్వే ఆడదాన్ని నమ్మకూడదని సామెత. రాజకీయాల్లో చూస్తే మగాడి ఏడుపు అరుదు కాబట్టి దానికి విలువ కడతారు, ఆడమనిషి ఏడిస్తే మామూలే అంటారు. ఏడవకపోతే రాయి అంటారు. 2023 అక్టోబరులో మంత్రి రోజా తన మీద మాజీ మంత్రి బండారు సత్యనారాయణమూర్తి చేసిన వ్యాఖ్యలకు మీడియా ముందు కన్నీళ్లు పెట్టుకున్నారు. ఆయన్ను పోలీసులు అరెస్టు చేశారు. ఖుష్బూ, రాధిక, నవనీత్ కౌర్ వంటి నటీమణులు పార్టీలు చూడకుండా రోజాకు మద్దతుగా మాట్లాడారు. ఇక్కడ టీడీపీ వైపు నుంచి వచ్చిన జవాబు ఏమిటి? రెండేళ్ల కిందట చంద్రబాబు ఏడిస్తే నువ్వు ఎద్దేవా చెయ్యలేదా అని. చేసింది నిజమే. అయితే అది రోజా నోటి మీద ఫిర్యాదు అవుతుంది గాని, ఆమె మీద పడ్డ మాటకు సమర్థన కాదు. పైగా సినిమా మనిషి అన్న ముద్ర. గ్లిజరిన్ అన్న ఒక్క మాటతో ఆమె గోడు కొట్టేశారు. సినిమావాళ్లను నెత్తిన పెట్టుకుని ముఖ్యమంత్రులను చేసిన జనం మనం, ఆడ నటి ఏడిస్తే మాత్రం గ్లిజరిన్ గుర్తొస్తుంది.

తెలంగాణలోనూ అంతే. 2024 జులై 31న శాసనసభలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి మాటలకు ప్రతిపక్ష ఎమ్మెల్యే సబితా ఇంద్రారెడ్డి కంటతడి పెట్టారు. అదే ఏడాది సెప్టెంబరు చివర మంత్రి కొండా సురేఖ, ఒక మామూలు ఫొటోను పట్టుకుని తన మీద సాగిన ట్రోలింగ్ గురించి చెబుతూ ఏడ్చారు. ఆ వీడియో చూసి ఆమె వైపు నిలబడనివాళ్లు తక్కువ. ఆ తర్వాత ఒకటి రెండు రోజులకే, అక్టోబరు 2న, ప్రత్యర్థిని తిట్టబోయి రాజకీయాలతో సంబంధం లేని ఒక నటిని, ఒక సినీ కుటుంబాన్ని బజారుకీడ్చారు. మాట వెనక్కి తీసుకున్నా, ఆ కుటుంబానికి చెందిన నటుడు నాగార్జున వేసిన పరువునష్టం కేసు తప్పలేదు. ఈ సమీక్షలో నేను పెట్టుకున్న రెండో ప్రశ్న, అంటే ఏడ్చాక ఏం చేశారన్నది, ఇంత తొందరగా, ఇంత బాధాకరంగా తేలిన సందర్భం ఇంకోటి లేదు. ఆమె మొదట ఏడ్చింది నిజమైన బాధతోనే అనుకుంటాను. ఆ బాధ ఆమెకు నేర్పిందేమీ లేకపోవడమే విచారం.

ఇది మన జబ్బు మాత్రమే అనుకోనక్కర్లేదు. 1972 ఫిబ్రవరిలో అమెరికాలో న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలో, అధ్యక్ష పదవికి డెమొక్రాట్లలో ముందున్న ఎడ్మండ్ మస్కీ మంచు కురుస్తుంటే ఒక పత్రికాఫీసు ముందు నిలబడి, తన భార్యను ఆ పత్రిక కించపరిచిందని మాట్లాడుతుంటే గొంతు వణికింది. కన్నీళ్లని విలేకరులు రాశారు, కరిగిన మంచని ఆయన చెప్పుకున్నారు. ఆ ప్రాథమిక ఎన్నికలో గెలిచారు గాని అనుకున్నంత కాదు, కొన్ని వారాల్లో పోటీ నుంచే కొట్టుకుపోయారు. చంద్రబాబుదీ, మస్కీదీ కారణం ఒకటే, భార్యను అన్న మాట. అక్కడ అది చేతగానితనం అయింది, ఇక్కడ ఇంటి పెద్ద బాధ అయింది. ముప్పయ్యారేళ్లకు అదే న్యూహాంప్‌షైర్‌లో, 2008 జనవరి 7న పోర్ట్స్‌మౌత్‌లో ఒక కాఫీ హోటల్లో హిల్లరీ క్లింటన్ గొంతు జీరబోయింది. మర్నాడు, సర్వేలన్నీ తలకిందులై, ఆమె గెలిచారు. రాష్ట్రం అదే, దాని మనసు మారింది.

లండన్‌లో 2025 జులై 2న ఆర్థికమంత్రి రేచల్ రీవ్స్ పార్లమెంటులో ప్రధాని వెనక కూర్చుని నిశ్శబ్దంగా కన్నీళ్లు కార్చారు. సొంత విషయం అని తర్వాత చెప్పారు. ముందురోజే సంక్షేమ కోతల బిల్లు మీద ప్రభుత్వం సొంత ఎంపీల దెబ్బకు వెనక్కి తగ్గింది. ఆమె పదవి పోతుందేమోనని మార్కెట్ భయపడింది. పౌండు పడిపోయింది, ప్రభుత్వ అప్పు మీద వడ్డీ ఎగబాకింది. ప్రధాని వెనకేసుకొచ్చాక మర్నాటికి కుదుటపడింది. అక్కడ జనం కన్నా ముందు బాండ్ల వ్యాపారులు స్పందించారు. ఒక మనిషి ఇంటి బాధ దేశం అప్పు మీద వడ్డీ పెంచగలదని మనం ఎప్పుడైనా అనుకున్నామా?

మన దేశంలోనూ రెండు రకాలూ ఉన్నాయి. 2018 జులై 14న కర్ణాటక ముఖ్యమంత్రి కుమారస్వామి, సంకీర్ణాన్ని మోయడం విషం మింగడమేనని సొంత పార్టీ సభలో ఏడ్చారు. పదవిలో ఉండి పదవి బాధ చెప్పుకుంటే ఎవరు వింటారు? ఏడాది తర్వాత, 2019 జులై 23న ప్రభుత్వం పడింది. దీనికి పూర్తిగా ఎదురు రైతు నాయకుడు రాకేశ్ టికాయత్. 2021 జనవరి 28 రాత్రి ఘాజీపూర్ సరిహద్దులో రైతుల శిబిరాన్ని ఖాళీ చేయించబోతుంటే ఆయన ఏడ్చారు. ఆ రాత్రికి రాత్రే పడమటి ఉత్తరప్రదేశ్ ఊళ్ల నుంచి జనం బయల్దేరారు, చచ్చిపోయిందనుకున్న ఉద్యమం లేచింది. ప్రధాని మూడు సాగు చట్టాలనూ వెనక్కి తీసుకుంటున్నామని చెప్పింది అదే ఏడాది నవంబరు 19న. చంద్రబాబు ఏడ్చింది ఆ రోజే. టికాయత్ ఏడ్చింది తన సీటు కోసం కాదు. దాంట్లో ప్రతి రైతూ తన చేను చూసుకున్నాడు.

మన దగ్గర 2024 జూన్ 4 సాయంత్రాన్ని కూడా ఈ పట్టికలో వేయాలి. 175లో 11 సీట్లకు పడిపోయాక జగన్ మీడియా ముందుకొచ్చి, అంత మంది అక్కచెల్లెమ్మలకు, అవ్వాతాతలకు చేసిన మేలు ఏమైపోయిందో అర్థం కావడం లేదన్నట్టు మాట్లాడారు. గొంతు పూడుకుంది. 2021లో డ్రామా అన్నవాళ్లు ఆ సాయంత్రం టీవీ ముందు కళ్లు తుడుచుకున్నారు. 2021లో కళ్లు తుడుచుకున్నవాళ్లు ఆ సాయంత్రం మీమ్స్ పంపుకున్నారు. పాత్రలు మారాయి, మాటలు మారలేదు. సభకు వెళ్లకపోవడం కూడా అలాగే చేతులు మారింది. 2017 చివర్లో వైసీపీ సభను బహిష్కరించింది, 2021 నుంచి చంద్రబాబు వెళ్లలేదు, ఇప్పుడు ప్రతిపక్ష హోదా ఇవ్వలేదని జగన్ వెళ్లడం లేదు. శపథాలు నాయకులవి. ప్రశ్నోత్తరాల గంట మాత్రం నష్టపోయింది మనం.

కెమెరా లేని ఏడుపుల సంగతి ఎవరూ సమీక్షించరు. 2006లో కొల్లేటి ఆపరేషన్లో చెరువు గట్లు తవ్విపారేసినప్పుడు అప్పు తెచ్చి చెరువు వేసిన చిన్నవాళ్లు ఏడ్చారు. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు కాళ్ల, ఆకివీడు గట్ల మీద ఏడవకుండా ఉన్న రొయ్యల రైతు ఎవరు? వాళ్లలో ఒక్కరి ఏడుపు గురించీ నిజమా నాటకమా అని చర్చ పెట్టిన ఛానల్ లేదు. ఈ మాట నాయకుల బాధను చిన్నబుచ్చడానికి అనడం లేదు. టికెట్ పోయిన మనిషికీ ఇల్లుంటుంది, పరువుంటుంది, ఐదేళ్లు వెంట తిరిగిన కార్యకర్తల మొహాలు చూడాల్సి వస్తుంది. రామరాజు ఏడిస్తే తప్పేముంది? మనిషి కాబట్టే ఏడ్చారు. కాని టికెట్ల పంపిణీలో ముందు పేరు ప్రకటించి తర్వాత మార్చిన పద్ధతి గురించి ఆ వారం ఎవరూ గట్టిగా అడగలేదు. మొత్తం చర్చ ఆయన కళ్ల మీదే నడిచింది. ఏడిపించినవాడికి అంతకన్నా కావలసిందేముంటుంది?

ఏడవకుండానే ఇంత స్పందన తెచ్చుకున్న మనిషి కూడా మన నియోజకవర్గంలోనే ఉన్నారు. 2021 మే 14న, తన పుట్టినరోజు నాడు, వైసీపీ ఎంపీగా ఉండగానే రఘురామకృష్ణరాజును రాజద్రోహం కేసులో సీఐడీ అరెస్టు చేసింది. కస్టడీలో తనను కొట్టారని ఆయన ఆరోపించారు, అధికారులు కాదన్నారు. సుప్రీంకోర్టు ఆదేశంతో సికింద్రాబాద్ ఆర్మీ ఆసుపత్రిలో పరీక్షలు జరిగాయి, మే 21న బెయిలు వచ్చింది. ఆయన కన్నీళ్లు చూపించలేదు, అరికాళ్లు చూపించారు. కారులో కూర్చుని కాలెత్తి కెమెరాలకు చూపిన ఆ బొమ్మ ఎంత తిరిగిందో చెప్పక్కర్లేదు. అప్పుడూ అదే తంతు, ఒకరికి హింస, ఒకరికి మేకప్. కేసు ఎటు తేలినా అది కోర్టు పని. జనం పని ఉండిలో 2024లో అయిపోయింది.

ఆయన 2024 నవంబరులో శాసనసభ ఉప సభాపతి అయ్యారు. అంటే సభ నడిపే కుర్చీలో చాలాసార్లు కూర్చునేది మన ఎమ్మెల్యేనే. ఇంటి ఆడవాళ్లను, చనిపోయిన తల్లిదండ్రులను, పిల్లలను సభలోకి లాగే మాట వచ్చినప్పుడు దాన్ని రికార్డు నుంచి తొలగించే అధికారం ఆ కుర్చీకి ఉంది. కాని తొలగింపు ఈ రోజుల్లో పెద్దగా పనిచేయడం లేదు. ప్రత్యక్ష ప్రసారంలో వెళ్లిన మాట సభ రికార్డులో చెరిగిపోయినా, అదే సాయంత్రం లక్ష ఫోన్లలో ఉంటుంది. మాట పూర్తయ్యేలోపు మైకు ఆగాలి, అన్నది ఏ పార్టీ వాడైనా. అన్నవాడు అదే రోజు సభలోనే క్షమాపణ చెప్పాలి. ఎదురుగా 11 మందే ఉన్నారు, వాళ్లూ రావడం లేదు, అయినా సరే. సభలో లేనివాళ్ల గురించి మాట్లాడినప్పుడే ఆ కుర్చీ ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. ఉండి ఓటర్లు ఈసారి ఎమ్మెల్యే గారు ఊళ్లోకి వచ్చినప్పుడు డ్రెయిన్లు, రోడ్ల అర్జీలతో పాటు ఈ అర్జీ కూడా ఇవ్వండి.